పొలిమేర దాటిన చీర

ఎమ్మిగనూరు వెళ్లొచ్చిన దగ్గర్నుంచి మా తెనాలిలో నన్ను చూసిన ప్రతివాడూ అడిగేది ఒకటే మాట: "ఏమయ్యా, అక్కడ తిండి దొరికిందా?" దొరికింది. ఎలా దొరికిందో చెప్పాలంటే మాత్రం ఒక్క మాటలో తెమలదు. అందుకే కాగితం పట్టుకున్నాను. వెళ్లనివాళ్లు చదువుకోండి. వెళ్లినవాళ్లు నా తప్పులు పట్టి నలుగురిలో పరువు తీయకండి.

నాకో బట్టల దుకాణం ఉంది. నరసప్ప అనే ఎమ్మిగనూరు నేతగాడు ఏటా కార్తీకంలో చీరల మూట భుజాన వేసుకుని మా ఊరు వచ్చేవాడు. నేను అంచు పలచన అనేవాణ్ణి, రంగు నిలవదనేవాణ్ణి, పొడుగు తక్కువనేవాణ్ణి. గంటసేపు వంకలు పెట్టి, అతను నీరసపడ్డాక ధర దించి, కాఫీ ఇప్పించి పంపేవాణ్ణి. వ్యాపారమంటే అంతే కదా. ఈ ఏడు కాలు బెణికి రాలేననీ, మాఘమాసం పెళ్లిళ్లకు నలభై చీరలు నేసి ఉంచాననీ, వచ్చి తీసుకుపొమ్మనీ కార్డు రాశాడు. కర్నూలు మన రాజధాని అయి ఎన్నాళ్లో కాలేదు. బళ్లారి జిల్లాలోంచి ఆదోని మనలో కలిసింది. మనలో కలిసినదాన్ని ఒకసారి చూసి రాకపోతే ఏం బాగుంటుందని నేనే బయల్దేరాను.

మా ఆవిడ రెండు కుంచాల బియ్యం మూటగట్టి సంచిలో పెట్టింది. "అక్కడ జొన్నలు తప్ప ఏమీ ఉండవట. పశువులకు వేసేవి మీరెలా తింటారు? అసలు ఇప్పుడు ఈ ప్రయాణం అవసరమా?" అంది. అవసరమే అన్నాను. అన్నాక ఇక వెనక్కి తగ్గడం మా వంశంలో లేదు.

ఆదోని

గుంతకల్లులో బండి మారి ఆదోనిలో దిగేసరికి బాగా పొద్దెక్కింది. ఊరంతా పత్తే. బండ్ల మీద పత్తి, గోడల మీద పత్తి, మనుషుల మీసాల్లో కూడా పత్తి. స్టేషను ఎదుట హోటల్లో కూచుని ఇడ్లీ అడిగితే, వడ్డించేవాడు నన్ను జాలిగా చూసి, "ఉగ్గాని తినన్నా" అని తనే నిర్ణయించేశాడు. మనం మరమరాలనే బొరుగులను నీళ్లలో తడిపి పిండి, తాలింపు పెట్టి, పైన పుట్నాల పొడి చల్లితే అది ఉగ్గాని. పక్కన మిరపకాయ బజ్జీలు. అణాకు ఆకు నిండా పెట్టాడు. గుంటూరు మిరపకాయ తిని పెరిగిన నోరు నాది, ఈ బజ్జీ నన్నేం చేస్తుందిలే అని సగం కొరికాను. కళ్లలో నీళ్లు, ముక్కులో నీళ్లు. పక్క బల్ల మీద లావుపాటి ఒకాయన పొట్ట పట్టుకుని నవ్వాడు.

ఆయన ఒక ధాన్యం మండీలో గుమాస్తా. నవ్వినందుకు పరిహారంగా నన్ను మండీకి తీసుకెళ్లి చూపించాడు. జొన్నలు, సజ్జలు, కొర్రలు, వేరుశనగ. మూటల మీద మూటలు, ఇంటి కప్పు అంటేదాకా. మా డెల్టాలో తప్ప లోకంలో ఇంకెక్కడా గింజలుండవని నా నమ్మకం. అది అక్కడే సగం పోయింది.

ఎమ్మిగనూరు పోతున్నానని చెప్పేసరికి ఆయన నవ్వు ఆగిపోయింది.

"ఆడ వాంతిభేది తగులుకునిందప్పా. సంత ఎత్తేసినారు. మా బండ్లు పోయి రెండు వారాలాయ. బండోళ్లకు ఎంత ఆశ పెట్టినా కదలరు."

"ఇక్కడ ఇన్ని మూటలున్నాయి కదండీ! పద్దెనిమిది మైళ్లేగా?"

"మూటలు ఉండాయి. మూటలకు కాళ్లు లేవు గదప్పా," అన్నాడాయన.

బుద్ధున్నవాడైతే అక్కడి నుంచే తిరుగుబండి ఎక్కాలి. కానీ ఇంటికి పోతే మా ఆవిడ "నేను చెప్పలేదూ" అంటుంది. ఆ మాట కంటే వాంతిభేదే నయమనిపించింది. బస్సెక్కే చోట ఒక సూదుల ఆయన బల్ల వేసుకుని కూచున్నాడు. కలరా సూది వేయించుకోనివాణ్ణి బస్సెక్కనివ్వడు. నిరుడే వేయించుకున్నానని అబద్ధమాడాను. "మళ్లా ఏయించుకో, పోయేదేముంది" అని గుచ్చేశాడు. బస్సులో నాతోపాటు నలుగురే ఉన్నారు. నన్ను దించి వెళ్లిన ఆ బస్సే, జబ్బు తగ్గేదాకా ఆ ఊరికి ఆఖరి బస్సయిందని తరువాత తెలిసింది.

ఎమ్మిగనూరు, నేతవీధి

వీధిలో అడుగుపెడితే మగ్గాల చప్పుడు చెవులు బద్దలు కొడుతుందని విన్నాను. ఆ రోజు అక్కడొకటి, ఇక్కడొకటి ఆడుతున్నాయి. నరసప్ప కాలికి కట్టుతో అరుగు మీదికి కుంటుకుంటూ వచ్చాడు.

"అయ్యో అన్నా, ఇప్పుడెందుకొచ్చినావన్నా! రావద్దని కార్డు రాసినానే!"

ఆ కార్డు నేను బయల్దేరిన మూడు రోజులకు వచ్చిందని, తెనాలి తిరిగొచ్చాక మా ఆవిడ చూపించింది. భద్రంగా దాచింది, ఇక జన్మంతా చూపిస్తుంది.

అతని భార్య ఈరమ్మ నీళ్లిచ్చింది. మన ఇళ్లలో చల్లని నీళ్లివ్వడం మర్యాద. ఆ రోజుల్లో ఆ వీధిలో కాచిన నీళ్లివ్వడం మర్యాద. "మూడు పొంగులు పొంగించినానన్నా, భయపడాకు" అని చెప్పి మరీ ఇచ్చేది. కడవలో ఎవరూ చెంబు ముంచరు. పొడుగు కాడ గరిటె ఒకటి గోడకు వేలాడుతుంటుంది, దానితోనే తోడాలి. నేను మరచిపోయి చెంబు ముంచితే ఈరమ్మ కడవెడు నీళ్లూ పారబోసి మళ్లీ పొయ్యి రాజేసింది. తిట్టినా అంత సిగ్గేసేది కాదు.

నలభై చీరలూ నా ముందు పరిచారు. నిజం చెప్పొద్దూ, ఒక్కొక్కటి చూస్తుంటే మనసు జిల్లుమంది. నోరు మాత్రం అలవాటు చొప్పున, "అంచు పలచగా ఉంది నరసప్పా" అంది.

"నీకే జబ్బూ లేదులే అన్నా. బాగుండావు" అన్నాడతను.

భోజనానికి నాకూ నరసప్పకూ చెరో జొన్నరొట్టె, వెర్రినువ్వులు దంచిన గురెళ్ల కారం వేశారు. ఈరమ్మ తరువాత తింటుందనుకున్నాను. ఆవిడ వెనక్కి వెళ్లి మంచినీళ్లు తాగి వచ్చింది. అప్పుడు అడిగితే అసలు సంగతి బయటపడింది. మా వైపు పంట నూర్చగానే ఏడాది గింజలు గాదెలో పోస్తాం. నేతవీధిలో ఆ అలవాటు లేదు. చేను లేదు, గాదె లేదు. సంతరోజు గింజలు కొని తెచ్చి మళ్లీ సంతదాకా తినడమే. తాతల నాటి నుంచీ అలాగే నడిచింది, ఎందుకంటే సంత ఎప్పుడూ తప్పలేదు. ఇప్పుడు రెండు సంతలు తప్పాయి. గింజల కొట్టాయన తలుపులకు తాళం వేసి తుగ్గలిలో కూతురింటికి పోయాడు. అధికారిని గింజలు అడిగితే పైనుంచి ఉత్తరువు రావాలన్నాడు. పక్కవీధిలో ఇద్దరు పోయారు. ఈ వీధిలో ఇంకా ఎవరికీ రాలేదు గాని, ముప్పై ఇళ్లలోనూ గింజలు రేపటితో సరి.

నా బియ్యం మూట తీసి ఈరమ్మ ముందు పెట్టాను. ఆవిడ అది తనింటికి దాచుకోలేదు. వీధిలో పెద్ద కాగు పొయ్యి మీదికెక్కించి, అందరికీ తలా ఒక ముద్ద వచ్చేలా వండేసింది. గొప్ప దానం చేశానని ఛాతీ విరుచుకుని నిలబడ్డాను. ఒక ముసలాయన తిని, చెయ్యి కడిగి, "అన్నం తిన్నట్టే లేదప్పా. గాలి మింగినట్టుండాది" అన్నాడు. మా డెల్టా సన్నబియ్యానికి ఇంతటి అవమానం ఎక్కడా జరగలేదు.

అప్పుడు నరసప్ప అసలు ఆలోచన చెప్పాడు. రెండు మైళ్ల అవతల ఒక పల్లె ఉంది. అక్కడ బసమ్మ అనే ముసలావిడకు జొన్నల పాతర ఉంది. భూమిలో నిలువెత్తు గొయ్యి తవ్వి, లోపల ఎండు జొన్నచొప్ప పరిచి గింజలు పోసి, బండతో మూసి మట్టి మెత్తితే పాతర. వెనకటి కరువు తీరాక నింపి మూసిందట, ఇంతవరకు తీయలేదు. జబ్బు భయంతో ఆ పల్లెవాళ్లు తమ పొలిమేర పొడుగునా నాగలితో చాలు దున్నారు. ఆ చాలు దాటి ఇవతలివాడు అవతలికి పోకూడదు.

"చీరలిచ్చి గింజలు అడుగుదామని వీధంతా అనుకున్యాము" అన్నాడు నరసప్ప.

"ఏ చీరలు?"

"ఇంకే చీరలుండాయన్నా. నీ నలభై."

నా చెయ్యి దానంతటదే చీరల మీదికి పోయింది. "నువ్వొద్దంటే వద్దు" అన్నాడతను. ఈరమ్మ ఖాళీ చేట గోడకు ఆనించి పెట్టింది. సరే అన్నాను. ఏడుస్తూనే అన్నాను, దాచడమెందుకు.

"ఇంకొక మాటన్నా. మాకు బేరం రాదు. ఇన్నేండ్లు మమ్మల్ని పిండినావు గదా, ఈ ఒక్క తూరి మా పక్కన నిలబడి మాట్లాడు."

చాలు దగ్గర

మరునాడు పొద్దున్నే చాలు దగ్గరికి చేరాం. ఇవతల మేము, బుట్టలతో ఆడవాళ్లు. అవతల నూరడుగుల దూరాన, కబురు విని వచ్చిన పల్లెవాళ్లు. మధ్యలో ఒక బండ. ఒకరు సరుకు బండ మీద పెట్టి వెనక్కి వస్తే, రెండోవాళ్లు ముందుకొచ్చి తీసుకోవాలి. ఎదురెదురు పడకూడదు. మాటలన్నీ కేకలే.

బసమ్మ గుప్పెడంత మనిషి. హొళగుంద వైపు పుట్టిందట, మాటలో కన్నడం కలుస్తుంది. పక్కన రామప్ప అని ఆవిడ మరిది కొడుకు, ఆ ఊరికి పెద్ద నోరు అతనిదే.

నేను గొంతు సవరించుకుని మొదలుపెట్టాను. "చూడండమ్మా, ఈ అంచు! ఇంత దట్టమైన అంచు ఎక్కడా లేదు! రంగు చూడండి, మీ మనవరాలు కట్టి చించినా వెలిసిపోదు!" పక్కన నరసప్ప నోటికి తువాలు అడ్డం పెట్టుకున్నాడు. నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో నేను చూడదలచుకోలేదు.

"ఈడికి అంచు కనపడదప్పా. ఇప్పి సూపించు!" అని బసమ్మ కేకేసింది.

విప్పాను. దుకాణంలో చూపించినట్టే ఒక కొస పట్టుకుని రెండో కొస విసిరాను. దుకాణంలో గాలి ఉండదు. ఆ నల్లరేగడిలో కార్తీకమాసపు గాలి ఒక్క ఊపున చీర లాగేసుకుంది. అది ఎగురుకుంటూ పోయి చాలు అవతల తంగేడు పొదకు చుట్టుకుంది. చీర నేల మీద పడితే బట్టల వ్యాపారి ఏం చేస్తాడు? ఆలోచించడు, పరిగెత్తి తీస్తాడు. ముప్పై ఏళ్ల అలవాటు. చీర చేతిలోకి తీసుకుని దుమ్ము దులుపుతుంటే, చుట్టూ అంత నిశ్శబ్దమెందుకో అర్థం కాలేదు. వెనక్కి చూశాను. చాలు నా వెనకుంది.

పల్లెవాళ్లు పిల్లల్ని చంకనేసుకుని యాభై అడుగులు వెనక్కి పోయారు.

"దాటినాడు! దాటినాడు!" అని రామప్ప అరిచాడు. "బేరమూ లేదు, పాతరా లేదు! పొండి మీ ఊరికి!"

ఇవతల ఈరమ్మ బుట్ట పక్కన నేల మీద కూలబడింది. నిలబడ్డ చోటే సిగ్గుతో చచ్చిపోయాను. ఒక్క చీర కోసం ముప్పై ఇళ్ల తిండి పోగొట్టాను. ఎన్ని బేరాలు చెడగొట్టానో గాని, ఇలాంటిది ఎప్పుడూ చెడగొట్టలేదు.

బసమ్మ మాత్రం కదల్లేదు. కర్ర మీద గడ్డం ఆనించి నన్ను తేరిపార చూసింది.

"ఏనప్పా, ఇంక నువ్వు అటూ పోవద్దు, ఇటూ రావద్దు. ఆ కావలి గుడిసె ఉండాది సూడు, ఆడ ఐదు దినాలు కూచో. బాగుంటే పోదువు."

"మరి గింజలు?" అని ఇవతలి నుంచి నరసప్ప అరిచాడు.

"ఇచ్చేది లేదు!" అన్నాడు రామప్ప. "పెద్దమ్మా, పాతర కరువుకు దాసినావు. వానలు బాగనే పడినాయి గదా! ఇది కరువా?"

బసమ్మ అతని వైపు తిరిగింది. "ఏమిరా, వాన రాక ఆకలైనాదో, సంత రాక ఆకలైనాదో, కడుపుకు తెలుస్తాదారా? పొయ్యి మీద ఏమీ లేకుంటే కరువే. బండ తియ్యి. గింజలు ఈ పొద్దే ఇస్తాము. బేరం ఆయప్ప గుడిసెలోనించి లేసినాక."

కావలి గుడిసె

గుడిసెలోంచి పాతర బాగా కనబడుతుంది. మట్టి పగలగొట్టి బండ జరిపారు. ఇక దిగి ఎత్తడమే అనుకున్నాను. దిగలేదు. లాంతరు వెలిగించి తాడుకు కట్టి లోపలికి దించారు. ఆరిపోయింది. గొంగళి తెచ్చి గోతి మీద ఊపి ఊపి గాలి ఆడించారు. మళ్లీ దించారు. మళ్లీ ఆరిపోయింది. ఎండ నెత్తికెక్కింది. చాలు అవతల నేతవీధి ఆడవాళ్లు బుట్టలు తలకడ్డం పెట్టుకుని అలాగే కూచున్నారు. నాకు ఒళ్లు మండిపోయింది.

"ఎవరైనా దిగండయ్యా! అక్కడ పిల్లలు ఆకలితో ఉన్నారు!" అని గుడిసెలోంచి అరిచాను.

"నోరు మూసుకోప్పా!" అని బసమ్మ కర్ర చూపించింది. "దీపం నిలవని తావున మనిషి నిలుస్తాడా? ఇంత గింజ మిగిలి, ఒక మనిషి పోతే ఎవరు తింటారు ఆ కూడు?"

నోరు మూసుకున్నాను. ఆ మాట ఇంకెవరన్నా అంటే మూసుకునేవాణ్ణి కాదు. మూడోసారి దించిన దీపం అల్లాడి, అల్లాడి, నిలిచింది. నేతవీధి ఆడవాళ్లలో ఒకావిడ దండం పెట్టింది. రామప్పే నడుముకు తాడు కట్టుకుని దిగాడు. అంతసేపూ వద్దని పోట్లాడినవాడు చెమటలు కారుస్తూ మూట తరువాత మూట పైకందించాడు. అవి బండ మీదికి చేరడం, ఒక్కొక్కరే వచ్చి బుట్టల్లో ఎత్తుకుపోవడం చూస్తూ కూచున్నాను. ఈరమ్మ చివరిదాకా ఆగి, అందరికీ అందాక తన బుట్ట నింపుకుంది. నాకు కళ్లనీళ్లు తిరిగాయి. ఈసారి బజ్జీ వల్ల కాదు.

నాకూ ఒక ఆకులో రెండు రొట్టెలు పెట్టి వెళ్లారు. పాతర జొన్నలకు తడిమట్టి వాసన ఉంటుంది. మొదటి రోజు ముక్కు మూసుకుని తిన్నాను. రెండో రోజు మూసుకోకుండా తిన్నాను. మూడో రోజు మూడో రొట్టె అడిగాను. ఈ సంగతి మా ఆవిడకు ఇంతవరకు చెప్పలేదు.

రోజూ పొద్దున్నే బసమ్మ దూరంగా నిలబడి కేకేసేది: "కడుపు ఎట్లుండాదప్పా?" నేను చేని మీదుగా వివరంగా జవాబు చెప్పాలి. ఎన్నిసార్లు, ఎలా, ఏ రంగు. కలుపు తీసే ఆడవాళ్లు కూడా పని ఆపి వినేవాళ్లు. మా తెనాలిలో ఇలాంటివి డాక్టరుకైనా చెవిలో చెబుతాం. ఐదో రోజు నేనే, "బ్రహ్మాండంగా ఉందండీ!" అని ఊరంతా వినేలా అరిచాను. అందరూ నవ్వారు, రామప్పతో సహా.

బేరం

ఐదో రోజు అందరూ మళ్లీ చాలు దగ్గర చేరారు. నలభై చీరలూ బండ మీద పెట్టించి, గొంతు సవరించుకున్నాను. బసమ్మ చెయ్యెత్తి ఆపింది.

"చీరలు తీసుకపొండి. అన్ని చీరలు కట్టుకునేకి నేనేమన్నా పెండ్లికూతురునా? మా పాతరకు ఒకటే కట్టుబాటు. తినినోళ్లు నింపాల."

"మాకు సేన్లు లేవు గదవ్వా" అన్నాడు నరసప్ప.

"మగ్గాలుండాయి గదా. కోతలప్పుడు గింజలు అగ్గువగా దొరుకుతాయి. ఇంటికింత కొని తెచ్చి ఈ పాతరలో పొయ్యండి. ఇంక మీరూ దీంట్లో పాలోళ్లే. సంతను నమ్ముకుని ఎన్నాళ్లు బతుకుతార్రా?"

నరసప్ప వీధివాళ్ల వైపు చూశాడు. ముందు ఈరమ్మే తల ఊపింది.

తిరుగు ప్రయాణం

ఇంకో వారానికి జబ్బు తగ్గి, బస్సు వచ్చింది. సంత మొదలైంది. బయల్దేరే ముందు నరసప్ప చీరలకు ధర చెప్పాడు. నేను సరేనన్నాను. అతను కంగారుపడి నా నుదుటి మీద చెయ్యి పెట్టి చూశాడు. "ఏమన్నా, జొరమేమన్నా తగిలిందా?" అన్నాడు. లేదని నమ్మించడానికి, అంచు కొంచెం పలచగానే ఉందని చెప్పాల్సి వచ్చింది. అప్పుడు గాని అతని మనసు కుదుటపడలేదు.

చీరలన్నీ మాఘంలోనే అమ్ముడుపోయాయి. కోతలయ్యాక నరసప్ప కార్డు రాశాడు. ఈసారి కార్డు సరైన సమయానికే వచ్చింది. అందులో ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను:

"అన్నా, పాతర నింపినాము. మా వీధి ముప్పై ఇండ్లోళ్లూ పోసినారు. బండ మూసేటప్పుడు బసమ్మవ్వ ఆపి, ఇంకొక మూట తెప్పించి పోసింది. ఎవరి పాలు అవ్వా అంటే, ఆ చీరలాయప్పది అనింది. వాళ్లకు కాలవలుండాయి, గాదెలుండాయి, ఆయప్పకెందుకు అని రామప్ప నగినాడు. కాలవ పక్కన ఉండేటోళ్లకు వరద రాదా, గాదె మునగదా, ఆ పొద్దు ఆయప్ప యాడికి పోతాడు, ఈడికే రానీ అనింది."

మా ఆవిడకు చదివి వినిపించాను. పశువుల తిండి అని ఏదో అంటుందనుకున్నాను. ఆవిడ కార్డు నా చేతిలోంచి తీసుకుని తనే మళ్లీ ఒకసారి చదువుకుంది.

"అంటే అక్కడ మనకు కూడా గింజలున్నాయా?" అంది.